కాలూకు పోసిన నీళ్లు

వందన పత్తి చేను నుంచి వచ్చేసరికి ఇంటి ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. పక్కింటి బాలమల్లు చేతిలో వెదురు కర్ర ఉంది. అందరూ వాకిట్లో పడి ఉన్న కాలూను చూస్తున్నారు.

కాలూ ఆమె కుక్క. భర్త మస్కట్ పోయిన నెలలో పిల్లగా తెచ్చి ఐదేళ్లుగా పెంచుతోంది. పొద్దున ఆమె వెంట చేను గట్టు దాకా నడిచి వచ్చింది. ఇప్పుడు వెనక కాళ్లు లేవడం లేదు. ఒళ్లు వణుకుతోంది. నోటి నుంచి చొంగ ఆగకుండా కారుతోంది.

"దగ్గరికి పోకు వదినె, పిచ్చి లేసింది," అన్నాడు బాలమల్లు. "ఎవల్నన్న కరిస్తె ఊరంతా సూదులేసుకోవాలె. ఒక్క దెబ్బల కతం జేస్త."

"యేడాదికోసారి దానికి సూది ఏపిస్తున్న. పోయిన దసరాకు ఏపిచ్చిన చీటి ఇంట్ల ఉన్నది. కర్ర దించు."

"చీటి నువ్వు సదువుతవ్. కుక్క సదువుతదా?"

ఎవరో నవ్వారు. వందన లోపలికి వెళ్లి, చేనుకు మందు కొట్టేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని వచ్చింది. పేరు పెట్టి పిలిచింది. తోక కొస కదిలింది. వెనక వైపు నుంచి వెళ్లి వంగింది. వెంట్రుకల్లో పత్తి మందు వాసన. అరచేత్తో కుక్క కంటికి నీడ పట్టింది. కంటిపాప ఆవగింజంత ఉంది. నీడలోనూ పెద్దది కాలేదు.

అలాంటి కంటిపాపను ఆమె ఇదివరకు ఒకసారి చూసింది. రెండేళ్ల కింద తమ్ముడు సదానందం ఎదురుగాలిలో మందు కొట్టి చేనులోనే పడిపోయాడు. అప్పుడూ ఇదే చొంగ, ఇదే వణుకు. దవాఖానలో డాక్టర్ టార్చిలైటు వేసి ఆమెకు ఆ కన్ను చూపించాడు. ఇంకోసారి ఇట్లయితే ముందు ఒళ్లు కడగండి, మందు డబ్బా వెంట తెండి అని చెప్పాడు.

"మామా, కాలూకు ఏం పోసినవ్?"

మామ అంతయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో చింతపండు పులుసు గిన్నె. కుక్క నోట్లో పోయడానికి కలిపాడు. తల ఎత్తలేదు.

"చెవులల్ల గోమార్లు పట్టినయ్. రక్తం తాగుతున్నయ్ బిడ్డా. బకెట్ల ఒక మూత మందేసి తానం పోసిన. ఎడ్లకు గట్లనే పోస్తం గద."

"ఏ మందు?"

"పత్తి పురుగుకు కొట్టేది. నిరుటిది మిగిలింది."

ఊళ్లో చాలామంది చేసే పనే. చేనులో మిగిలిన మందు గొడ్ల ఒంటి మీదికి చేరుతుంది. కుక్క అయితే ఆ ఒంటిని నాకుతుంది కూడా.

"ఆ పులుసు పక్కకు పెట్టు మామా. అది మింగే తీరుల లేదు. పోస్తె ఊపిరితిత్తులల్లకు పోతది."

ఆమె సబ్బుతో, నాలుగు బిందెల నీళ్లతో కాలూను కడిగింది. పాత చీరతో తుడిచింది. మందు డబ్బాను సంచిలో వేసింది. టైము మూడు దాటింది. ఆదిలాబాద్ పశువుల దవాఖాన నాలుగింటికి మూస్తారు.

"బాలమల్లూ, నీ ట్రాలీ ఆటో తియ్యి."

"నా బండ్లె పిచ్చికుక్కనా?"

"పిచ్చి గాదు, మందు. కర్ర కిందేస్తె హ్యాండిల్ పట్టనీకి చెయ్యి కాళీ అయితది. నడువు."

బాలమల్లు కర్ర వైపు చూశాడు. జనం వైపు చూశాడు. కర్రను గోడకు ఆనించి బండి తీశాడు.

అంతయ్య అడక్కుండానే ట్రాలీ ఎక్కాడు. వందన కాలూను పక్కకు పడుకోబెట్టి, చొంగ బయటికి పోయేలా మూతి కిందికి పెట్టింది. దారంతా అతను కుక్క వీపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

దవాఖానలో డాక్టర్ మహెక్ బ్యాగు సర్దుకుంటోంది. వందన డబ్బాను బల్ల మీద పెట్టి చెప్పింది: పన్నెండింటికి ఒక మూత మందు నీళ్లలో కలిపి పోశారు, రెండింటికి వణుకు మొదలైంది, మూడింటికి సబ్బుతో కడిగాం, నోట్లో ఏమీ పొయ్యలేదు.

డాక్టర్ డబ్బా మీది పేరు చదివింది. కుక్క కళ్లు చూసింది. బ్యాగు కింద పెట్టి సూది తీసింది.

"గీ డబ్బా తేకపోతె నేను ఇంక అడుగుకుంట కూసుందును అక్కా. అంత టైమ్ దీనికి లేకుండె."

మొదటి సూదికి మార్పు లేదు. రెండో దానికి చొంగ తగ్గింది. మూడో దానికి నోరు ఎండింది, కంటిపాపలు పెద్దవయ్యాయి. ఐదుంబావుకు కాలూ తల ఎత్తింది. ఆరుకు నాలుగు కాళ్ల మీద నిలబడింది. అంతయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"తాతా, గోమార్లకు కుక్కల మందు వేరే ఉంటది, నేనిస్త," అంది డాక్టర్. "చేను మందు ఎడ్లకు గూడ వద్దు. రేపు పొద్దున మల్ల తీస్కరండ్రి. రాత్రి జర కనిపెట్టి ఉండుండ్రి."

ఊరి పొలిమేర రాగానే బాలమల్లు హారన్ మోగించడం మొదలుపెట్టాడు. చివరి ఇంటి దాకా ఆపలేదు. కాలూ ముందుకాళ్లు ట్రాలీ అంచు మీద పెట్టి నిలబడింది. జనం వాకిళ్లలోకి వచ్చారు.

"పిచ్చి ఎటు పోయిందిరా?" అని ఎవరో అడిగారు.

"పిచ్చి లేదు ఏం లేదు. మందు ఎక్కింది. నేనే తీస్కపోయిన, టైముకు," అన్నాడు బాలమల్లు.

వందన నవ్వింది.

బాలమల్లు బండి దిగి తన కొట్టంలోకి వెళ్లాడు. ఒక డబ్బాతో బయటికి వచ్చాడు. అదే మందు.

"రేపు మా ఎడ్లను కడుగుదమని తీసి పెట్టిన వదినె," అన్నాడు మెల్లగా. "ఆ డాక్టరమ్మ మందు ఎడ్లకు గూడ ఇస్తదా?"

"పొద్దున కాలూను తీస్కపోవాలె గద. నువ్వే అడుగు."

గోడకు ఆనించిన కర్రను దాటి కాలూ గేటు దాకా నడిచింది. బాలమల్లును చూసి మొరిగింది. రోజూ మొరిగినట్టే, పూర్తి గొంతుతో.