బానెట్ కింద మాటలు

మా ఆయన కాజిమిర్‌ను ఊళ్ళో అందరూ కాజ్ అంటారు. నేనూ అంతే, కోపం వచ్చినప్పుడు మాత్రం పూర్తి పేరు పెట్టి పిలుస్తాను. ఈ వేసవి అంతా కాజిమిర్ అనే పిలిచాను.

కారణం రెడ్‌హాక్. డెట్రాయిట్‌లో పుట్టినవాళ్ళకి ఆ పేరు విడమరచక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మా పెళ్ళికి ముందెప్పుడో ఇక్కడి ఫ్యాక్టరీలో తయారైన రెండు తలుపుల కారది. పొడుగాటి ముక్కు, పక్కన నల్ల చార. పెట్రోలు మంచినీళ్ళలా తాగేది. స్టార్ట్ చేస్తే వీధి చివరి ఇంట్లో చంటిపిల్లలు లేచేవాళ్ళు. కాజ్, వాళ్ళ తమ్ముడు జెనన్ ఇద్దరూ ఆ ఫ్యాక్టరీలోనే రిటైరయ్యారు. ఆయన తలుపులు బిగించేవాడు, జెనన్ ఇంజిన్లు ఎక్కించేవాడు. పెళ్ళయిన కొత్తలో వాషింగ్ మెషీన్ కోసం దాచినదంతా ఊడ్చి మా ఆయన ఒక పాత రెడ్‌హాక్ కొన్నాడు. ఆ చలికాలమంతా నేను బట్టలు చేత్తో ఉతికాను.

అది నడిచిన రోజులకంటే ఆగిన రోజులే ఎక్కువ. శనివారం వస్తే చాలు, జెనన్ పనిముట్ల పెట్టెతో దిగేవాడు. అన్నదమ్ములిద్దరూ బానెట్ ఎత్తి, తలలు లోపల దూర్చి, పొద్దువాలేదాకా అక్కడే. సాసేజ్‌లు వేయించి పిలిస్తే "ఆ, వస్తున్నాం" అనేవాళ్ళు. వచ్చేవాళ్ళు కాదు.

మా అత్తింటి ఈ కోవల్‌చిక్ మగవాళ్ళ సంగతి ఒకటుంది. ఎదురెదురుగా కూర్చోబెడితే వీళ్ళకి నోరు పెగలదు. చర్చిలో పక్కపక్కన కూర్చున్నా వానా ఎండా తప్ప వేరే మాట ఉండదు. బానెట్ కింద తల పెడితేనే మనసులోది బయటికొస్తుంది. జెనన్ భార్య ఐరీన్ పోయినప్పుడు సమాధి దగ్గర అతని కంట చుక్క నీరు రాలేదు. ఆ శనివారం మా గరాజ్‌లో కార్బురేటర్ విప్పుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. మా ఆయన టార్చి పట్టుకుని, "ఆ స్క్రూ ఇంకాస్త తిప్పు" అన్నాడు. వంటింటి కిటికీలోంచి విన్నాను. వాళ్ళకి ఓదార్పంటే అదే. ఐరీన్ పోయాక జెనన్‌కి మనిషి వాసన తగిలే రోజు శనివారం ఒక్కటే.

నిరుడు కంపెనీ రెడ్‌హాక్‌ను మళ్ళీ పుట్టించింది. అదే పేరు, అదే ముక్కు, అదే చార, వెనక అవే గుండ్రటి దీపాలు. లోపల మాత్రం బ్యాటరీ. ఇంజిన్ లేదు కాబట్టి చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే మా ఊరి మగాళ్ళు కొనరు కాబట్టి స్పీకర్లు పెట్టారు. మీట నొక్కితే రికార్డు చేసిన రంకె వినిపిస్తుంది. టీవీలో ప్రకటన చూసి మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"చూడు బెర్నీ, అచ్చం అదే!"

"అచ్చం అదే మన గరాజ్‌లో పడుందిగా. దాన్ని చూసి ఏడువు."

"అది కదలదే బాబూ. ఇది తాళం కూడా అక్కర్లేకుండా కదుల్తుంది. నా నడుం వంగట్లేదు. ఇంకెన్నాళ్ళు దాని కింద దూరమంటావ్?"

ఆ డొక్కును వదిలించుకోమని ఇన్నేళ్ళూ మొత్తుకున్నదాన్ని నేనే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తీరా ఆయనే వదిలిస్తానంటే నాకు జెనన్ శనివారాలు గుర్తొచ్చాయి.

"ముందు జెనన్‌ని ఒక మాట అడుగు," అన్నాను.

"అడిగేదేముంది? చూస్తే వాడే ఎగిరి గంతేస్తాడు."

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. డీలరు పాతదాన్ని తుక్కుకింద జమకట్టుకుని కొత్తదాన్ని బంగారం ధరకి అంటగట్టాడు. శనివారం జెనన్ పెట్టె మోసుకుంటూ వచ్చేసరికి ఇంటిముందు అది నిగనిగలాడుతోంది.

"బండేదీ?" అన్నాడు.

"ఇదే! రెడ్‌హాక్!"

"నేనడిగేది మనది."

"ఇచ్చేశాన్రా. ఇది చూడు, ఇది!"

మా ఆయన గర్వంగా బానెట్ ఎత్తాడు. లోపల నల్లటి ప్లాస్టిక్ మూత. అది తీస్తే రెండు సూట్‌కేసులు పట్టే ఖాళీ. జెనన్ చాలాసేపు ఆ ఖాళీలోకి చూశాడు. ఈలోగా మా ఆయన మీట నొక్కాడు. ఆ రంకెకి పక్కింటి కుక్క మెట్లకింద దూరింది. నాలుగు రోజులు పోతే అది కూడా తల ఎత్తడం మానేసిందనుకోండి.

"దాన్లో సగం నా చేతులున్నాయన్నా," అన్నాడు జెనన్. "ఒక్క ఫోను చెయ్యలేకపోయావా?"

"నువ్వు సంతోషిస్తావనుకున్నాన్రా."

"వదినా, నాకు ఆకలిగా లేదు. వెళ్ళొస్తా."

ఆ తరవాత శనివారాలు రావడం మానేశాడు. నేను ఫోను చేస్తే, "వచ్చి ఏం చెయ్యను వదినా, సూట్‌కేసులు సర్దనా?" అన్నాడు. ఈయనేమో "చిన్నవాడు, వాడే రావాలి" అని భీష్మించాడు. ఇద్దరూ ఇద్దరే, పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. జెనన్ బక్కచిక్కిపోయాడని చర్చిలో ఎవరో అంటే నాకు అన్నం సహించలేదు.

ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల జాతరకి మేం వెళ్ళకుండా ఉన్న ఏడాది లేదు. రోడ్డువారన బండి ఆపి, బానెట్ ఎత్తి, వెనక మడతకుర్చీల్లో కూర్చోవాలి. బానెట్ ఎత్తి ఉందంటే రండి, మాట్లాడండి అని అర్థం. అలిగి ఉన్నా ఈసారీ జెనన్ వచ్చాడు. వచ్చి, ఐసుపెట్టెకి అవతల కుర్చీ వేసుకున్నాడు. మధ్యలో నేను.

జనం ఆశగా వచ్చేవాళ్ళు, ప్లాస్టిక్ మూత చూసేవాళ్ళు, "రంగు బాగుందండీ" అని సాగిపోయేవాళ్ళు. ఒకావిడ "డిక్కీ ముందుకొచ్చిందేంటి?" అనడిగింది. పరువు నిలబెట్టుకోవడానికి మా ఆయన మాటిమాటికీ రంకె వేయిస్తున్నాడు.

"కాజిమిర్, ఇంకొక్కసారి నొక్కావంటే ఆ స్పీకర్ పీకి నీ మెడకి కడతా!"

అప్పుడు నిజం రంకె వినిపించింది. రెండు దగ్గులు, ఒక ఎక్కిలి. మా పాత రెడ్‌హాకే. సరిగ్గా మా ఎదుట, నడిరోడ్డు మీద ప్రాణం విడిచింది. తెల్లబూట్ల పెద్దమనిషి ఒకాయన దిగి దిక్కులు చూస్తున్నాడు. డీలరు దగ్గర కొన్న పళ్ళ డాక్టరట, పేరు ప్రూయిట్. నా అటూ ఇటూ ఉన్న కుర్చీలు రెండూ ఒక్కసారే ఖాళీ అయ్యాయి.

"పెట్రోలు ఎక్కువ పట్టేసింది," అన్నాడు మా ఆయన, దాన్ని పక్కకి తోస్తూ.

"నీ మొహం. పంపు పోయింది."

"పంపు నేనే మార్చానురా!"

"మార్చావులే, తలకిందులుగా బిగించి. మళ్ళీ విప్పింది ఎవరు?"

బానెట్ లేచింది. రెండు తలలూ లోపలికెళ్ళాయి. జూన్ నుంచి వాళ్ళు ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలవి. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇద్దర్నీ తిట్టుకున్నాను.

ఇప్పుడు ప్రతి శనివారం ఆ డొక్కును బాగుచెయ్యడానికి ఇద్దరూ కలిసి ప్రూయిట్‌గారింటికి వెళుతున్నారు, ఆ కొత్తబండిలోనే. జెనన్ వొళ్ళు చేశాడు కూడా. నిన్న ప్రూయిట్ భార్య గ్వెన్ నాకు ఫోను చేసింది.

"ఏంటండీ మీవాళ్ళు? చీకటి పడినా కదలరు. గ్రీజు చేతులతో నా తెల్ల తువ్వాళ్ళన్నీ నాశనం చేశారు. ఇంక నా వల్ల కాదు. వచ్చేవారం మంచి మెకానిక్‌తో ఇంజిన్ మొత్తం కొత్తది వేయించేస్తున్నాం. మళ్ళీ జన్మలో ఆగదట!"

నేను ఆవిణ్ణి బతిమాలుకున్నాను.

"అమ్మా, తువ్వాళ్ళు ఎన్నంటే అన్ని కొనిస్తాను. మీకు పుణ్యముంటుంది, దాన్ని మాత్రం బాగుచేయించకండి."