వెనక గోడ

ఆ ప్రాంతపు శాసనసభలో మంత్రి అయిన మొట్టమొదటి ఆడమనిషి ఆమే. ఇరవై ఆరేళ్లు హెడ్ నర్సుగా చేసి, ఎన్నికల్లో గెలిచింది. పొద్దున ప్రమాణం చేసింది. పదకొండింటికి మంత్రుల సమావేశమంటే పదింటికే సచివాలయానికి వచ్చింది.

గుమ్మం దగ్గర బంట్రోతు మర్యాదగా లేచి, "మంత్రిగారి తాలూకానా అమ్మా?" అంటూ ఎడమవైపు గదిలోకి తీసుకెళ్లాడు.

"సమావేశం ఇక్కడేనా?"

"అది మగవాళ్లదమ్మా. మీకిక్కడ టీ ఇస్తారు."

మంత్రుల భార్యలకు తేనీటి విందట. ఇంకా గంట టైముంది. పొద్దుటి నుంచీ గొంతు తడుపుకోలేదు. ఆమె కూర్చుంది.

"మీది ఏ శాఖమ్మా?" అంది పక్కనున్న భవనాల మంత్రి భార్య.

"ఆరోగ్యం."

"అయ్యో పాపం! మీ ఆయనతో ఓ మాట చెప్పండి. ఆ కొత్త ఆసుపత్రి జోలికి పోవద్దనండి. వెనక గోడ నిలువునా బీటలిచ్చింది. మా ఆయన సున్నం కొట్టించి ఊరుకున్నారు. ఆ బెంగతో నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదాయనకి."

ఆమెకు ఆ ఆసుపత్రి ప్లాను గుర్తొచ్చింది. ఆ గోడ వారనే రెండు వార్డులు. టీ పూర్తిచేసి, థాంక్స్ చెప్పి లేచింది.

సమావేశంలో భవనాల మంత్రి ఫైలు ఆమె ముందుకు తోశాడు.

"సోమవారం రోగుల్ని కొత్త ఆసుపత్రికి మార్చేద్దాం. ఇక్కడ సంతకం పెట్టండమ్మా. చదవక్కర్లేదు."

"పెడతానండీ. ఆ వెనక గోడ కింద నిలబడి పెడతాను. మీరూ వచ్చి పక్కన నిలబడండి."

ఆయన మంచినీళ్లు తాగాడు. "ఇవాళ వీలుపడదు."

"పోనీ, రేపు?"

"రేపూ కుదరదు."

కునుకు తీస్తున్న ముఖ్యమంత్రి కళ్లు తెరిచాడు. "ఆ గోడకేమైంది?"

"ఏం లేదండీ. కొత్తగా సున్నం వేశాం."

"అయితే పదండి, చూద్దాం."

అందరూ వెళ్లారు. ఆమె వాపును నొక్కి చూసినట్టు గోడను బొటనవేలితో నొక్కింది. సున్నం పెచ్చు ఊడిపడింది. వెనకనున్న పగులులో ముఖ్యమంత్రి వేలు దూరింది. ఆయన దాన్ని జాగ్రత్తగా బయటికి తీసుకున్నాడు.

"మీకెవరు చెప్పారు?" అని భవనాల మంత్రి ఆమె చెవిలో అడిగాడు.

"ఇరవై ఆరేళ్లు ఆసుపత్రుల్లో ఉన్నానండీ" అంది. ఆ ఇల్లాలి పేరు ఎత్తలేదు.

గోడ పడగొట్టి మళ్లీ కట్టడానికి నాలుగు నెలలు పట్టింది. రోగుల్ని మార్చిన రోజు ఆమె మొదటి మంచం పక్కనే నడిచింది, సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని. మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఏమే, మంత్రిగారు ఆకుపచ్చ చీరలో కళకళలాడారని పేపర్లో వేశారు. నీకు ఆకుపచ్చ చీరెక్కడిదే?"

"లేదక్కా. నీలం కట్టుకున్నా."

"మరి గోడ సంగతి వెయ్యలేదేం?"

"ఎవరి మీదా పడలేదు కదక్కా" అని, ఆమె ఆఫీసుకు బయలుదేరింది.