వరసలో పెట్టిన నవల

గంగాధరప్ప సారు పాఠం చెప్పే నవల సిలబస్‌లో ఉంది, బజార్లో లేదు. అచ్చు ఆగిపోయి చాలా కాలమైంది. అయినా అనంతపురంలోని ఆ జూనియర్ కాలేజీలో స్పెషల్ తెలుగు తీసుకున్న ఇంటర్ పిల్లలు ఏటా దాని మీద వ్యాసం రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. చదవకుండానే. గైడులో రెండు పేజీల సారాంశం ఉంది. అక్కడక్కడా చైతన్య స్రవంతి అన్న మాట చల్లితే చాలు. దిద్దేవాడూ నవల చదివినవాడు కాదు కాబట్టి పేచీ లేదు.

సారుకు మాత్రం ఆ నవలంటే ప్రాణం. వచ్చే మార్చిలో రిటైరవుతున్నాడు. ఈలోగా ఒక్కరైనా దాన్ని చివరిదాకా చదివి, ఆ చివరి పేజీ దగ్గర ఆగిపోతే చూడాలని ఆయన కోరిక. ఇన్నేళ్లలో అది తీరలేదు. అలాగని తప్పంతా పిల్లలదే అనడానికీ లేదు. నవల అంతా ఒక రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు తలలో నడుస్తుంది. మొదటి అధ్యాయంలోనే తండ్రి శవం ఇంటికొస్తుంది. ఆ తర్వాత కథ ముందుకు పోదు, వెనక్కీ సరిగ్గా పోదు. కొడుక్కి తను చూసినవీ విన్నవీ ఏది గుర్తొస్తే అది. అధ్యాయాలకు పేర్లు లేవు, అంకెలూ లేవు. సారు తన కాపీ చదవమని ఇచ్చినా, మూడో అధ్యాయానికల్లా పిల్లలు పుస్తకం మూసి ఫోన్ తెరుస్తారు.

ఈ ఏడు ఆఖరి ప్రయత్నంగా సారు తన పాత కాపీని క్లాసంతటికీ జిరాక్స్ తీయించాడు. షాపు రవికుమార్ కాగితాల కింది అంచు కోసేశాడు. దాంతో పేజీ నంబర్లు కూడా పోయాయి.

"నంబర్లతో ఏం పని సార్, మ్యాటర్ అంతా ఉండాది గదా," అన్నాడు.

వాటిని సర్ది స్పైరల్ బైండింగు చేయించుకొచ్చే పని గౌతమి తన మీద వేసుకుంది. రాప్తాడు నుంచి బస్సులో వచ్చే పిల్ల, మాట తక్కువ. పుస్తకాలు తెచ్చి అందరికీ పంచింది. సారు సంతోషించాడు.

వారం తర్వాత క్లాసుకు వెళ్తే ఒక వింత. పిల్లలు చదువుకొచ్చారు. గుత్తి కిరాణా వ్యాపారి కొడుకు ముఖేష్, పరీక్షలప్పుడు తప్ప పుస్తకం ముట్టనివాడు, ముందు బెంచీలో కూర్చుని ఉన్నాడు.

"బలే ఉండాది సార్," అన్నాడు. "పెండ్లి, ఉద్యోగం, కొడుకు పుట్టేది, సావు. అంతా వరసగా ఉండాది. మీరే ఊరికే బెదిరిచ్చినారు."

సారు అతని చేతిలోని పుస్తకం లాక్కుని తెరిచాడు. మొదటి పేజీలో పెళ్లి. చివర్లో శవం. విత్తనానికి శనక్కాయలు ఏరినట్టు ఎవరో అధ్యాయాలను ఏరి, జరిగిన వరసలో పేర్చేశారు. ఇన్నేళ్లకు నవల చదివిన క్లాసు ఒకటి దొరికింది గానీ, వీళ్లు చదివింది ఆ నవల కాదు. కోపం కంటే ఏడుపే ఎక్కువగా వచ్చింది.

"ఎవరు చేసినారిది?"

గౌతమి లేచి నిలబడింది.

"కాగితాలు కలిసిపోయినాయా?"

"లేదు సార్. నేనే మార్చినా."

"అర్థం కాలేదనా?"

"అయ్యింది సార్. మొదట్లోనే నాయన సచ్చిపోతాడు. ఇంగ తర్వాత ఎంత సదివినా సచ్చిపోయినోడే గదా. ఆయప్ప నవ్వినా సచ్చిపోయినోడే, తిట్టినా సచ్చిపోయినోడే. నేను సదవలేకపోయినా. అందుకే మిగతావి జరిగిన వరసలో సర్ది, ఆ కాగితాలు తీసి ఆఖర్న పెట్టినా. పుస్తకం అయిపోయేదాకన్నా బతికుండనీలే అని."

గౌతమి తండ్రి చీనీ బత్తాయిల లారీ తోలేవాడు. కిందటి వేసవిలో హైవే మీద పోయాడు. సారుకు ఆ సంగతి తెలుసు. తెలిసీ, నవల చేతికిచ్చేటప్పుడు తట్టలేదు. తిట్టడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. సిగ్గనిపించింది.

"మరి ఆఖర్న పెట్టినాక సదివితివా?" అని మెల్లగా అడిగాడు.

"లేదు సార్. శవం వచ్చే కాడికి ఆపేసినా. యాడ పెట్టినా అది ఉండనే ఉండాది."

సారు పాఠం చెప్పలేదు. సంచిలోంచి తన పాత కాపీ తీసి, చివరి అధ్యాయం తెరిచి ఆమె చేతికిచ్చాడు. గట్టిగా చదవమన్నాడు.

గౌతమి చదివింది. గ్యాంగ్‌మన్ డ్యూటీ దిగి ఇంటికొస్తాడు. కాళ్లు కడుక్కుంటాడు. సంగటి ముద్ద పెడితే పప్పు చాల్లేదంటాడు. పెళ్లాం గొణుక్కుంటూ ఇంకో గరిటె వేస్తుంది. కొడుకు పక్కనే కూర్చుని చూస్తుంటాడు.

"ఇది సదివిందే సార్," అంది గౌతమి. "మా పుస్తకంలో నడుమ యాడనో ఉండాది. దీంట్లో ఏమీ జరగదు."

"రాసినాయన దీన్ని నడుమ పెట్టలేదు మా. పేజీ తిప్పు."

తిప్పింది. అట్ట తప్ప ఏమీ లేదు.

"ఈడ్నే అయిపోతాదా సార్?"

"ఈడ్నే."

"మల్ల శవం?"

"అది మొదట్లోనే అయిపోయె గదా. ఇంగ రాదు."

గౌతమి పేజీ వెనక్కి తిప్పి, నిలబడే ఆ చివరి వాక్యాలు మళ్లీ చదువుకుంది, ఈసారి లోలోపల. సారు కూర్చోమనలేదు. తర్వాత తలెత్తింది.

"అయితే నాయన ఇంగా తింటానే ఉన్నాడు సార్," అంది.