బావకు జ్వరం రాని రోజు

మా ఆసుపత్రిలో డాక్టర్లకు వచ్చే జబ్బు ఒక్కటే, జ్వరం. పెళ్లికి వెళ్లినా జ్వరమే, పెళ్లాంతో పోట్లాడినా జ్వరమే, తాగింది దిగకపోయినా జ్వరమే. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లకు ఆ మాట చెప్పే పని నాది. ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టర్ని కదా, జోకొట్టడం నాకు బాగా వచ్చని అందరి నమ్మకం.

సర్జన్ మా బావ, మా అక్క మొగుడు. ఆయన కుట్టు వేస్తుంటే చూడాలి. రక్తం చిమ్మినా గొంతు పెరగదు, చెయ్యి తొణకదు. నర్సులు చాటుగా ‘కొండ’ అంటారు. ఒక పసివాడు బల్ల మీదే పోయాక ఆ కొండకు సీసా అలవాటైంది. అక్క అడిగితే, "లెక్క ప్రకారమే తాగుతున్నానే. ఎప్పటికి దిగుతుందో నాకు తెలీదా?" అనేవాడు. ఇదీ డాక్టర్ల తెలివి! అందరికీ వద్దని చెబుతాం, మనకేం కాదనుకుంటాం.

ఆ పొద్దున ఒక రిటైరైన లెక్కల టీచరమ్మకు పిత్తాశయంలో రాళ్లు తీయాలి. చేతులు కడుక్కునే చోట బావ నా పక్కన నిలబడ్డాడు. సబ్బు వాసనను దాటుకుని మందు వాసన వచ్చింది. ఈ మధ్య పొద్దుటి పూట సన్నగా వణికే ఆయన చేతులు ఆ రోజు నిలకడగా ఉన్నాయి. అంటే వణుకు ఆపడానికి ఇందాకే గుక్క పడిందన్నమాట.

"బావా, నేను మత్తివ్వను."

"చెయ్యి చూడరా, ఎంత బాగుందో."

"అందుకే ఇవ్వను."

తిడతాడనుకున్నాను. కుళాయి కట్టేసి చేతుల వంక చూసుకున్నాడు.

"నిజమేరా," అన్నాడు చివరికి.

"జ్వరమని చెప్పేస్తా. నువ్వు ఇంటికి పో."

"వద్దు. నేనే చెప్తా."

"పిచ్చా నీకు? ఉద్యోగం పోతుంది. అక్క సంగతి ఆలోచించు."

"జ్వరమైతే రేపటికి తగ్గాలి కదరా. నాది తగ్గట్లేదు."

తిన్నగా వార్డులోకి నడిచాడు. వెనకే పరిగెత్తాను. టీచరమ్మ మంచం పక్కన నిలబడి, "అమ్మా, నేను తాగి వచ్చాను. మిమ్మల్ని ముట్టుకోను. ఇంకో డాక్టర్ని పిలిపిస్తా," అన్నాడు.

ఆవిడ కూతురు దిగ్గున లేచింది. "తాగొచ్చి మా అమ్మను కోద్దామనుకున్నారా? కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?"

"అనుకున్నానమ్మా. తప్పే."

సాకు చెప్పలేదు, తల తిప్పుకోలేదు. ఆయన చేసిన ఎన్నో గొప్ప ఆపరేషన్లు పక్కనుండి చూశాను. ఆ రోజంత గొప్పగా మా బావ నాకెప్పుడూ కనబడలేదు.

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని నా వైపు చూసింది. "నాకిప్పుడు నొప్పి లేదు. ఆగొచ్చా?"

"ఆగొచ్చు. నొప్పి వస్తే మాత్రం ఎవరుంటే వాళ్లతో చేయించుకోవాలి," అన్నాను.

"అయితే ఆగుతా. తప్పు కొట్టేసి మళ్లీ చేసిన పిల్లాడికి నేనెప్పుడూ మార్కులు తగ్గించలేదు. వెళ్లి సరిచేసుకు రండి, బాబూ."

కూతురు నెత్తి కొట్టుకుంది.

బావ ఆ పూటే సూపరింటెండెంటుకు అంతా చెప్పి, వేరే ఊళ్లో చికిత్సకు చేరాడు. అంత మొండి పేషెంటు ఎక్కడా ఉండడు. ప్రతి మాత్రకూ నర్సులతో వాదనే! అయినా పారిపోలేదు. అక్క వెళ్లిన ప్రతిసారీ ఏడ్చేది. నెలలు గడిచాక, మెరుగైన మొహంతో తిరిగొచ్చాడు. ఆసుపత్రివాళ్లు మళ్లీ ఆపరేషన్లు చేయనిస్తామన్నారు. షరతు మాత్రం ఆయనే పెట్టుకున్నాడు: కత్తి పట్టే ముందు ప్రతిసారీ నా మొహం మీద ఊదాలి. నేను తలూపితేనే పని మొదలు.

మొదటి ఆపరేషన్ టీచరమ్మదే. పంతం పట్టి ఆగింది మరి. బల్ల మీద పడుకుని మమ్మల్నే చూస్తోంది. బావ మాస్కు దించి ఊదాడు. టూత్‌పేస్టు వాసన తప్ప ఏమీ లేదు. తలూపి సిరంజి అందుకున్నాను.

"ఆగు నాయనా," అంది ఆవిడ. "దిద్దాల్సింది నేను కదా."

కొండంత మనిషి బుద్ధిగా వంగి ఆవిడ ముందు ఊదాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ "సరిపోయింది," అని కళ్లు మూసుకుంది.

నేను మత్తిచ్చాను.