త్రాంబిన్ గదిలో వదినా మరిదీ

మరిది తలుపు తన్ని లోపలికి వచ్చేసరికి ఆమె ఫ్రీజరు ముందు నిలబడి చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాలకు చీటీలు అంటిస్తోంది. వాటిలో ఉన్నది త్రాంబిన్, రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైము. మనిషి జన్యువును ల్యాబులో పెంచే కణాల్లోకి ఎక్కించి, ఆ కణాల చేత దాన్ని తయారు చేయించి, శుద్ధి చేసేసరికి ఆమెకు ఏడు నెలలు పట్టింది. చీటీల మీద ఒకటే మాట: "పరిశోధనకు మాత్రమే."

మరిదిని ఈ ల్యాబులో చేర్పించింది ఆమే. పరీక్షలు చేయకుండానే నోటికొచ్చిన అంకెలు రాసేస్తున్నాడని పెద్దసారు చెవిన వేసిందీ ఆమే. నిన్న వాడి ఉద్యోగం ఊడింది. ఇవాళ వాడి చేతిలో గ్యాస్ సిలిండర్లు బిగించే స్పానరు ఉంది.

"నా పొట్ట కొట్టావు కదా వదినా!"

"అది కింద పెట్టు. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఏ ఇంటికి? నా మొహం మీదే తలుపేశాడు అన్నయ్య!"

మొదటి దెబ్బ ఫ్రీజరు మీద పడింది. రెండోది ఆమె అడ్డం పెట్టిన ఎడమచేతి మీద. ఎముక పటుక్కుమంది. వాడు ఆమె జుట్టు దొరకబుచ్చుకుని మొహాన్ని బల్లకేసి మోదాడు. పన్ను ఊడి నాలుక మీద పడింది. ఆమెను వదిలేసి, అరల కొద్దీ సీసాలు నేలకు విసిరి బూట్లతో తొక్కసాగాడు. ఆమె కుడిచేత్తో ఇనుప స్టూలు లేపి వాడి మోకాళ్ల మీద ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. వాడు తూలి గాజు అల్మారా మీద పడ్డాడు.

అద్దం పగిలి వాడి మోచేతి దగ్గర రక్తనాళాలు తెగాయి. రక్తం చిమ్మి ఎదురు గోడను తాకింది.

"వదినా, చచ్చిపోతాను! ఆ సీసా... గడ్డ కట్టిస్తుంది కదా, పొయ్యి!"

పరీక్ష కోసం కరగబెట్టిన సీసా ఒకటి బల్ల మీద మిగిలి ఉంది. ఆమె దాన్ని అందుకుంది. తెగిన రక్తనాళాల్లోకి పోస్తే లోపలి రక్తం కూడా గడ్డలు కట్టొచ్చు, ఊపిరితిత్తుల దాకా పోయి ప్రాణం తీయొచ్చు. తప్పెవరిదని ఎవరూ అడగరు. పొయ్యమన్నది వాడే.

సీసా మూత సగం తిప్పింది.

తర్వాత దాన్ని సింకులోకి గిరాటేసి, రబ్బరు గొట్టం వాడి దండచేతికి చుట్టింది. ఒక కొస పళ్ల మధ్య బిగపట్టి లాగింది. చిగుళ్లలోంచి రక్తం వాడి చొక్కా మీద కారింది. వాడు ఊళ పెట్టాడు. "నోర్ముయ్," అంది పళ్ల సందుల్లోంచి. అంబులెన్సు వచ్చేదాకా పట్టు సడలించలేదు.

వాడు బతికాడు, జైలుకెళ్లాడు. ఆసుపత్రిలో భర్త ఆమె మంచం పక్కన తల దించుకుని కూర్చున్నాడు.

"వాణ్ని అలా వదిలేయాలనిపించలేదా?"

"అంతకన్నా ఘోరమే చేయాలనిపించింది."

ఆయన గ్లాసు అందుకుని ఆమె నోటికి నీళ్లు పట్టాడు. చితికిన పెదవి భగ్గుమన్నా ఆమె ఆపకుండా తాగింది.