పెంటికల్లో మొలిచిన తుమ్మ

బీరప్ప గడ్డపారను మొక్క మొదట్లో దించి, ఒంటి బరువంతా వేసి ఊపాడు. పైకి చూస్తే జానెడు మొక్క. కింద వేరు మోచేతి పొడుగు. పైన కోస్తే నాలుగు పిలకలు వేస్తుంది గనుక వేరుతోనే పెకలించాలి. రెండు చేతులా పట్టి లాగేసరికి ముళ్లు పాత గాయాల్లోనే దిగాయి. అరచేయి నాకి, నెత్తురు ఉమ్మేసి, పక్క మొక్క దగ్గరికి జరిగాడు.

ఊరి రైతు ఎల్లేశం మెట్ట చెల్కలో ఇది నాలుగో రోజు. మృగశిర కార్తెలో వచ్చే మిరుగు వాన పడేలోగా సర్కారు తుమ్మ ఒక్క మొక్క కూడా మిగలకూడదు. మిగిలితే బీరప్ప గొర్రెలను ఊళ్లో ఏ చేలోనూ అడుగు పెట్టనీయమని రైతులు నలుగురి ముందూ తేల్చేశారు. కోసిన చేలలో మేత దొరక్కపోతే మంద బతకదు. పడమట మబ్బు పొద్దుటి నుంచే నల్లగా కమ్ముకొస్తోంది.

బీరప్పకు యాభై దాటాయి. ఎండిన కట్టెలాంటి ఒళ్లు. చిన్నప్పుడు మంద మీద పడ్డ తోడేలు ఎడమ చెవి పైకొస కొరుక్కుపోయింది. అప్పట్లో గుట్ట నిండా మోదుగ, చండ్ర చెట్లుండేవి. రజాకార్ల గడబిడ ముగిసిన ఏడాది వాటిని నరికి బొగ్గు చేసి బండ్ల మీద జడ్చర్లకు తోలారు. చెట్లు పోయిన చోట గడ్డి లేచింది. గొర్రెలు గడ్డిని మొదలంటా కొరికేశాయి. గడ్డి పోయిన చోట అవి ముట్టని తంగేడు పరుచుకుంది. ఇప్పుడు తంగేడు గొంతు కూడా పిసికి సర్కారు తుమ్మ పైకి వస్తోంది. దాని నీడలో గడ్డిపోచ మొలవదు.

ఆ తుమ్మే రెండేళ్ల కిందటి కరువులో మందను బతికించింది. గొర్రెలు నిలబడ్డచోటే కూలిపోతుంటే, చెరువు కట్ట కింద పచ్చగా ఉన్నది అదొక్కటే. బీరప్ప కొక్కెం కర్రతో కాయలు రాల్చి మేపాడు. తియ్యటి కాయలు, గొర్రెలు ఎగబడి తిన్నాయి. తర్వాత ఎరువు కోసం ఎల్లేశం ఎప్పటిలాగే మందను ఏడు రాత్రులు తన చెల్కలో పెట్టించుకున్నాడు. కాయ అరిగింది గానీ గింజ అరగలేదు. వానలకు జొన్నతో పాటు తుమ్మ మొలిచింది. జొన్న తాగాల్సిన తడి తుమ్మ తాగింది. మంద పడుకున్న ఏడు చోట్లా ఏడు గుండ్రాలు, బండి చక్రం గీసినట్టు.

ఆరు గుండ్రాలు అయ్యాయి. ఈరోజు ఏడోది.

"ఏం బావా, నీ గొర్లు పెంటికలు పెట్టినయా, ఇత్తనాలు చల్లినయా?" చెల్క సరిహద్దు గెట్టు మీది నుంచి ఎల్లేశం అరిచాడు.

"నీ చెల్క మీద ప్రేమతోని రెండూ చేసినయ్. జర నీళ్లన్న పొయ్యి."

"పోస్త గని, వాన నాకంటె ముందొస్తది చూస్కో." చెంబు అక్కడ పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వాగు వైపు నుంచి, మందను మేపుతున్న భార్య గుర్వమ్మ కేక వినబడింది. బీరప్ప కర్ర పట్టుకుని పరుగెత్తాడు.

వాగు ఒడ్డున రెండు మంచాల మేర గరిక మిగిలి ఉంది. చిన్నాయిన కొడుకు గుర్వయ్య మంద దాని మీద అప్పటికే పడింది. రెండు పొట్టేళ్లు ఎదురెదురుగా ఉరికి గుద్దుకున్నాయి. రాయి మీద రాయి పగిలినట్టు చప్పుడు. బీరప్ప పొట్టేలు కొమ్ము విరిగి, ముక్కుల్లోంచి నెత్తురు కారుస్తూ మోకాళ్ల మీద పడింది. గుర్వయ్య దాన్ని కర్రతో ఇంకా బాదుతున్నాడు. అడ్డం పోయిన గుర్వమ్మ మోచేయి చీరుకుపోయింది.

బీరప్ప కర్ర ఎత్తి ఉరికాడు. గుర్వయ్య మోకాలి మీద కొట్టాడు. గుర్వయ్య కర్ర తిరిగి వచ్చి అతని నడినెత్తిన దిగింది.

"నువ్వే మొదలు కొట్టినవ్ అన్నా! నువ్వే!" గుర్వయ్య ఏడుపు గొంతుతో అరిచాడు. "నా గొర్లు సచ్చిపోవాల్నా మరి?"

మనుషులు కొట్టుకునే లోపల రెండు మందలూ కలిసిపోయి గరికను వేళ్లతో సహా పెకలించి తినేశాయి. కొట్టుకోవడానికి అక్కడ ఇంకేమీ మిగల్లేదు.

గుర్వమ్మ కొంగు చింపి బీరప్ప తలకు కట్టింది. "దవాఖానకు పోదాం, నడువు."

"వాన ఆగుతదా?"

"గొర్ల కడుపులు అంటుకపోయినయ్. కట్ట కింద తుమ్మకాయలు రాలున్నయట. అటు తోలనా?"

బీరప్ప తన అరచేతులకేసి చూసుకున్నాడు. "తోల్కపో," అన్నాడు.

చెల్కకు తిరిగొచ్చి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఎడమ కన్ను మసకేసింది. కనబడకపోతే చేత్తో తడిమాడు. ముల్లు గుచ్చుకున్నచోట మొక్క ఉన్నట్టు. పెకలించిన ప్రతి మొక్కా ముంజేతి మీద ఒక గీత గీసి పోయింది. పొద్దు గుంకే వేళకు తడిమితే మెత్తటి మన్నే తగిలింది. చివరి మొక్కను కుప్ప మీదికి విసిరి, గెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

ఎల్లేశం వచ్చి ఏడు గుండ్రాలూ తిరిగి చూశాడు. మన్ను పిడికిట్లోకి తీసుకుని వదిలాడు.

"మాట నిలబెట్టుకున్నవ్ బావా. ఇయ్యాల్టి నుంచి మందను ఈడనే పెట్టుకో. ఎవడడ్డమొస్తడో నే చూస్త."

జవాబు రాలేదు.

"అలిగినవా? నవ్వులాటకు అంటి గద పొద్దుగాల." దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. బీరప్ప మెల్లగా పక్కకు ఒరిగిపోయాడు.

గుర్వమ్మ వచ్చేసరికి తొలి చినుకులు పడుతున్నాయి. ఆమె ఏడుపు విని నలుగురు వచ్చి చల్లబడ్డ అతని ఒంటిని ఎత్తుకుపోయారు. తుమ్మకాయలతో నిండిన కడుపులతో వచ్చిన గొర్రెలను తోలేవాళ్లు లేరు. అవి మెత్తటి మన్ను చూసుకుని గుంపుగా పడుకున్నాయి, నెమరేస్తూ, పెంటికలు వేస్తూ.

గెట్టు కింద అతని చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది. దాని అట్టకు పట్టిన మన్ను వానకు కరిగిపోతుంటే, లోపల విరిగిన ముళ్ల మొనలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.