బెస్ట్ ప్రాక్టీసు

మళ్ళీ ఐసు పోశారు. పదకొండు గంటలకే ఇది మూడోసారి. గ్లవుజుల్లో ఉన్న తన వేళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో దేవకుమారికి తెలియడం మానేసి చాలాసేపయింది. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తల తీయడం, పొట్టు ఒలవడం, వీపు మీది నల్లటి నరం లాగడం. భీమవరం పక్కనున్న ఈ రొయ్యల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా ఆమె చేస్తున్నది ఈ మూడు పనులే.

బల్లకి అటూ ఇటూ ముప్ఫై ఇద్దరు ఆడవాళ్ళు. అందరికీ మాస్కులు. మాస్కుల వెనక నుంచి సన్నగా ఒక రాగం. మాటలు లేవు. హాల్లో మాట్లాడకూడదని రూలు. పనిలో చేరిన కొత్తల్లో చలికి పళ్ళు టకటక కొట్టుకుంటుంటే, తమ లూథరన్ చర్చిలో శనివారం క్వయర్ ప్రాక్టీసులో నేర్చుకున్న పాటని ఆమె లోలోపల కూనిరాగంగా పాడుకునేది. ఆ రాగంలో మూడు విరుపులున్నాయి. ఒక విరుపుకి తల, రెండోదానికి పొట్టు, మూడోదానికి నరం. ఊపిరి వదిలే చోట బొటనవేలు కూడా కాస్త వదులవుతుంది. అది పక్కనున్న అప్పాయమ్మకి అంటుకుంది. ఆవిడ నుంచి బల్లంతా పాకింది.

"మా అమ్మవారికి నలభయ్యేళ్ళు మొక్కానే కుమారీ," అనేది అప్పాయమ్మ టీ టైములో. "ఈ చేతులు మాత్రం మీ దేవుడి పాటకే ఆడతన్నాయి. పైకెళ్ళాక మా తల్లికేం సమాధానం చెప్పుకోవాలో!"

రెండేళ్ళ కిందట ఈ ఫ్యాక్టరీని ఏడు దేశాల్లో ప్లాంట్లున్న ఒక కంపెనీ కొనుక్కుంది. గేటు మీద పేరు మారింది. చేతులు కడుక్కునే సబ్బు మారింది. ఈ వేసవిలో హెడ్డాఫీసు నుంచి శ్రీసత్య అనే అమ్మాయి వచ్చింది. సామర్లకోట పిల్లే. ఏ దేశంలో ఏ బల్ల మీద ఒక రొయ్య ఎన్ని సెకన్లు ఉంటోందో ఆమె ల్యాప్‌టాప్‌లో ఉంది. అన్నిటికన్నా తక్కువసేపు ఉన్నది ఈ బల్ల మీదే.

"మీది బెస్ట్ ప్రాక్టీస్ అండి దేవకుమారి గారూ. వీడియో తీసి మా ప్లాంట్లన్నిటికీ పంపిస్తాం," అంది.

ప్రాక్టీసు అనగానే దేవకుమారికి శనివారం సాయంత్రం, హార్మోనియం గుర్తొచ్చాయి. పాట సంగతి బయటపడిపోయిందని ముందు భయం వేసింది. ఆ తర్వాత మెల్లగా సంతోషం కలిగింది. "ఆయ్, ప్రాక్టీసేనండి. అసలు పాట ఆదివారం పాడతామండి," అంది. శ్రీసత్యకి అర్థం కాకపోయినా నవ్వింది.

కెమెరాని బల్లకి బిగించి మూడు రోజులు తీశారు. చేతులు తప్ప ఇంకేమీ పడకూడదన్నారు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ ఆదివారం పాస్టరు విజయ్ పాల్ గారు ప్రసంగానికి ముందు ఆమె పేరు చెప్పి, "మన సంఘం బిడ్డ చేతుల్ని ఏడు దేశాలు చూస్తాయి," అంటే అందరూ చప్పట్లు కొట్టారు. దేవకుమారి చేతులు కొంగులో దాచుకుంది.

మొన్న సోమవారం మేనేజరు చైతన్య హాలు బయట నిలబడి నోటీసు చదివాడు. ఒకటో తారీకు నుంచి పీలింగ్ హాలు మూసేస్తారు. ఇక్కడి చెరువుల రొయ్యని తలతోనే గడ్డ కట్టించి ఓడ ఎక్కిస్తారు. ఒలిచేది వియత్నాంలో. కిలోకి పదకొండు రూపాయలు కలిసొస్తుందట.

"మేం సరిగ్గా చెయ్యట్లేదాండి?" అని అడిగింది దేవకుమారి.

"అబ్బే, అదేం కాదమ్మా. అన్ని ప్లాంట్లలో మీరే ఫస్టు. ఎక్కడ చవగ్గా అవుద్దో అక్కడ చేయించుకుంటారు, అంతే. మీ వీడియో చూసి వాళ్ళూ మీ స్పీడుకి వచ్చేస్తారంట." ఓదార్పుగానే అన్నాడు.

ఆ రోజు నుంచి బల్ల దగ్గర ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నాలుగొందల ఇరవై కూలి ఇంకెక్కడ దొరుకుద్దని అప్పాయమ్మ గొణిగింది గానీ, నీ చేతుల వల్లే అని మాత్రం అనలేదు. ఇంట్లో అన్నం కలుపుకుంటూ దేవకుమారి ఆ చేతుల్ని అనుమానంగా చూసుకుంది, తనకి చెప్పకుండా ఎక్కడికో వెళ్ళొచ్చిన మనుషుల్ని చూసినట్టు.

ఇవాళ శ్రీసత్య మళ్ళీ వచ్చింది. ఆమె కళ్ళ కింద నల్లటి చారలున్నాయి.

"చిన్న ప్రాబ్లమండి. అక్కడివాళ్ళు అచ్చం మీలాగే చేస్తున్నారు. గంటన్నర బాగానే ఉంటోంది. తర్వాత చేతులు తడబడుతున్నాయి, తెగుతున్నాయి. మీరింకేదో చేస్తున్నారు. అది వీడియోలో పడట్లేదు."

దేవకుమారి తల ఎత్తకుండా ఇంకో రొయ్య అందుకుంది. ఆ అమ్మాయి కాసేపు అక్కడే నిలబడింది. నిలబడింది కాబట్టి మాస్కుల వెనకి రాగం వినపడింది.

"అయ్యో, పాటా! నేను సౌండు ఆపేసి తీశానండీ!" అంటూ కవరులోంచి ఫోను తీసి, రికార్డింగు నొక్కి ట్రేకి ఆనించింది. "పది నిమిషాలు పాడండి, కొంచెం గట్టిగా. మిమ్మల్ని ట్రైనరుగా తీసుకోమని నేను మాట్లాడతాను. ముందు వియత్నాం, మూడు నెలలు. పాస్‌పోర్టు అదీ కంపెనీయే చూసుకుంటుంది."

"మరి వీళ్ళ సంగతండి?"

శ్రీసత్య బల్ల పొడవునా చూసింది. "అది నా చేతుల్లో లేదండి."

"పాడెయ్యవే," అంది అప్పాయమ్మ మాస్కు లోంచి. "మనలో ఒక్కదానివన్నా నిలబడతావ్."

ఆ మాటకి దేవకుమారి ట్రేకి ఆనించిన ఫోను వైపు చూసింది. ఎప్పుడూ చూడని ఒక మనిషి కళ్ళ ముందు మెదిలింది. ఇలాంటి బల్ల దగ్గరే, ఇలాంటి ఐసు నీళ్ళలో, తెగిన వేలుకి గుడ్డ చుట్టుకుని నిలబడ్డ ఆడమనిషి. ఈ పాట చేరితే ఆమె చేతులు కుదుటపడతాయి. కుదుటపడ్డాక, ఇంకా చవకైన చోటు దొరికిన రోజున, ఆమె దగ్గరికీ ఎవరో కెమెరా పట్టుకుని వస్తారు. బెస్ట్ ప్రాక్టీస్ అంటారు. ఆమె కూడా సంతోషపడుతుంది.

"వద్దండి," అంది.

"ఏంటండి?"

"పాట ఇవ్వనండి. ఇది ప్రాక్టీసు కాదండి."

ఆమె పెదవులు బిగించింది. బల్లకి అవతల ఒక గొంతు ఆగింది. దాని పక్కది ఆగింది. చివర్న అప్పాయమ్మది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి హాల్లో కంప్రెసరు మోత అందరికీ వినపడింది.

దేవకుమారి రొయ్యని అందుకుంది. తల, పొట్టు, నరం. ఇంకోటి. తల, పొట్టు. మూడోదాని కొమ్ము గ్లవుజు చీల్చుకుని బొటనవేల్లో దిగింది. నొప్పి తెలియలేదు. ఐసు మీద సన్నటి ఎర్రటి గీత పాకుతుంటే అదెవరిదో అన్నట్టు చూసింది.

ట్రేకి ఆనించిన ఫోనులో అంకెలు కదులుతూనే ఉన్నాయి.